మనసు కలతలకు పూల మందులు: బాచ్ పద్ధతిని తెలిసి వాడుకునే విధానం

హోమియో మందుల దుకాణాల్లో చిన్న డ్రాపర్ సీసాల్లో దొరికే బాచ్ పూల మందులు జ్వరానికో నొప్పికో ఇచ్చేవి కావు. భయం, దిగులు, అపరాధ భావం, తెగని ఆలోచనలు వంటి మనఃస్థితులను చూసి ఎంచుకునేవి. ఇంగ్లండుకు చెందిన వైద్యుడు ఎడ్వర్డ్ బాచ్ 1928కీ 1935కీ మధ్య వీటిని రూపొందించారు. మొత్తం 38 మందులున్నాయి. వీటిని వాడదలచుకున్నవారు ఎలా ఎంచుకోవాలో, ఎలా కలుపుకోవాలో, ఎక్కడ ఆగి వైద్యుడి దగ్గరకు వెళ్లాలో వరుసగా వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

ముందే స్పష్టం చేయవలసిన విషయం ఒకటి ఉంది. ఈ చుక్కలకు ఉత్తుత్తి మందును, అంటే ప్లాసిబోను, మించిన ప్రభావం ఉందని శాస్త్రీయ పరీక్షల్లో తేలలేదు. 2010లో ప్రత్యామ్నాయ వైద్యాలను పరిశీలించే పరిశోధకుడు ఎడ్జార్డ్ ఎర్న్‌స్ట్ అప్పటివరకు జరిగిన ప్రయోగాలను సమీక్షించినప్పుడు, ప్లాసిబోతో పోల్చి చూసిన ప్రయోగాలలో ఏదీ వీటి గుణాన్ని నిరూపించలేదని తేల్చారు. 2001లో ప్రచురితమైన ఒక జర్మన్ అధ్యయనంలో పరీక్షల భయం ఉన్నవారికి కొందరికి పూల మందును, కొందరికి ప్లాసిబోను ఇస్తే, ఇరువర్గాల్లోనూ భయం తగ్గింది కానీ తేడా మాత్రం కనబడలేదు. అయినా ఈ పద్ధతిని గురించి ఇంత వివరంగా రాయడానికి కారణం ఉంది. మందును ఎంచుకునే క్రమంలో మనిషి తన బాధను పది నిమిషాలు నిలబెట్టి చూసుకోవలసి వస్తుంది. "మనసేం బాగోలేదు" అన్న ఒక్క మాట దగ్గర ఆగిపోకుండా, అది ఏ రకపు బాగోలేకపోవడమో గుర్తించవలసి వస్తుంది. నా దృష్టిలో ఈ పద్ధతిలోని అసలు విలువ ఆ గుర్తింపులోనే ఉంది. అందుచేత ఎంపికకు సంబంధించిన భాగాన్ని ఇక్కడ ఎక్కువగా వివరిస్తాను.

పద్ధతి ఎలా పుట్టింది

బాచ్ 1886లో బర్మింగ్‌హామ్ దగ్గరి మోజ్లీలో పుట్టారు. 1912లో లండన్‌లో వైద్య విద్య పూర్తి చేసి బాక్టీరియా పరిశోధకుడిగా పనిచేశారు. 1919లో లండన్ హోమియోపతిక్ హాస్పిటల్‌లో చేరి, పేగుల్లోని బాక్టీరియా నుంచి ఏడు నోసోడ్లను, అంటే సూక్ష్మజీవుల నుంచి చేసే హోమియో మందులను, తయారుచేశారు. ఒకే జబ్బు ఉన్న ఇద్దరు దాన్ని ఒకేలా భరించరన్న గమనిక ఆయనను క్రమంగా జబ్బు నుంచి మనిషి స్వభావం వైపు నడిపించింది. 1928లో ఇంపేషియన్స్, మిమ్యులస్, క్లెమాటిస్ అనే మొదటి మూడు మందులను వాడడం మొదలుపెట్టారు. వీటిలో ఇంపేషియన్స్ మొక్క పుట్టిల్లు హిమాలయాలే కావడం మనకు ఆసక్తి కలిగించే సంగతి. అలంకారం కోసం బ్రిటన్‌కు తీసుకువెళ్లిన ఆ మొక్క అక్కడి ఏటి గట్ల వెంబడి అడవిలా పెరిగిపోయింది. 1930లో బాచ్ లండన్‌లోని వైద్య వృత్తిని వదిలి పల్లెలకు వెళ్లిపోయారు. 1934 నుంచి ఆక్స్‌ఫర్డ్ ప్రాంతంలోని మౌంట్ వెర్నన్ అనే చిన్న ఇంట్లో నివసించి, 1936 నవంబరులో మరణించారు.

తయారీకి ఆయన రెండు పద్ధతులు పెట్టారు. 20 మందులకు ఎండ పద్ధతి వాడతారు. పలుచని గాజు గిన్నెలో ఊట నీరు పోసి, నీటి మీద పూలను పరిచి, మబ్బు లేని ఉదయం సుమారు మూడు గంటలు ఎండలో ఉంచుతారు. మిగిలిన 18 మందులకు, ముఖ్యంగా చెట్ల నుంచి వచ్చేవాటికి, పూల కొమ్మలను అరగంట నీటిలో ఉడికిస్తారు. ఆ నీటిని వడకట్టి సమానంగా బ్రాందీ కలిపితే మూల ద్రావణం తయారవుతుంది. 30 మిల్లీలీటర్ల బ్రాందీలో ఆ ద్రావణం రెండు చుక్కలు వేసి, దుకాణంలో అమ్మే స్టాక్ సీసా చేస్తారు. మనం ఆ స్టాక్ నుంచి మళ్లీ రెండు చుక్కలు తీసి 30 మిల్లీలీటర్ల నీటిలో కలుపుకుంటాం. మిల్లీలీటరుకు 20 చుక్కల చొప్పున లెక్కిస్తే, చివరి సీసాలో మొదటి పూల నీరు సుమారు లక్షా ఎనభై వేల వంతులలో ఒక వంతు మాత్రమే ఉంటుంది. రసాయనపరంగా దీనికి మందు బలం ఎందుకు లేదో, దుష్ప్రభావాలు కూడా ఎందుకు కనబడవో ఈ లెక్కే చెబుతుంది.

మొదటి మెట్టు: ఇది చుక్కలతో చూసుకోదగిన బాధేనా?

సీసా కొనకముందే ఈ ప్రశ్నకు జవాబు చెప్పుకోవాలి. కొత్త ఉద్యోగం, ఊరు మారడం, పరీక్షల ముందు కంగారు, ఇంట్లో మాటపట్టింపులు, పని ఒత్తిడి వల్ల చికాకు వంటి వాటికి, రోజువారీ జీవితం నడుస్తూనే ఉన్నప్పుడు, ఈ పద్ధతిని ప్రయత్నించవచ్చు. రెండు వారాలకు పైగా ప్రతిరోజూ దిగులు వదలకపోయినా, నిద్ర, ఆకలి బాగా మారిపోయినా, ఇష్టమైన పనుల మీద కూడా ఆసక్తి పోయినా ముందు వైద్యుడిని కలవాలి. లేని మాటలు వినిపించడం, ప్రసవం తర్వాత తల్లికి బిడ్డ మీద గానీ తన మీద గానీ విపరీతమైన ఆలోచనలు రావడం, మద్యం మానలేకపోవడం కూడా వైద్యం కావలసిన స్థితులే. కారణం తెలియని దిగులు వెనుక థైరాయిడ్ లోపమో రక్తహీనతో ఉండవచ్చు కాబట్టి రక్త పరీక్ష కూడా అవసరం కావచ్చు.

చనిపోవాలన్న ఆలోచన వస్తే ఏ సీసా కోసమూ వెతకవద్దు. వెంటనే ఇంట్లో ఒకరికి చెప్పాలి, ఒంటరిగా ఉండకూడదు, దగ్గరలోని ఆసుపత్రికి వెళ్లాలి. కేంద్ర ప్రభుత్వం 2022లో ప్రారంభించిన మానసిక ఆరోగ్య ఫోన్ సేవ టెలీ మానస్ నంబరు 14416కు ఏ వేళనైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు, తెలుగులోనే మాట్లాడవచ్చు. ఇంటర్, ఎంట్రన్స్ పరీక్షల ఫలితాల రోజుల్లో పిల్లలున్న ప్రతి ఇంట్లోనూ ఈ నంబరు గోడ మీద రాసి ఉండాలని నేను కోరుకుంటాను.

రెండవ మెట్టు: బాధను మీ మాటల్లో రాసుకోవడం

మందుల పట్టికను తెరవకముందు ఒక కాగితం మీద మీ స్థితిని రాయండి. పట్టికను ముందే చదివితే ప్రతి లక్షణమూ మనదేననిపిస్తుంది. రాసేటప్పుడు పుస్తక భాష అక్కర్లేదు. గుబులుగా ఉంది, బెంగగా ఉంది, లోపల ఉడికిపోతోంది, ఎవరి ముఖమూ చూడాలని లేదు, చేయి ఆడడం లేదు వంటి ఇంటి మాటలే ఎక్కువ పనికొస్తాయి. తర్వాత మూడు ప్రశ్నలు వేసుకోండి: ఇది ఎప్పటి నుంచి ఉంది, ఏ సందర్భంలో పెరుగుతుంది, ఇది నా పుట్టు స్వభావమా లేక ఈమధ్య వచ్చిన మార్పా? మూడవ ప్రశ్న ముఖ్యం. బాచ్ పద్ధతిలో స్వభావానికి తగిన మందు వేరు, తాత్కాలిక స్థితికి తగిన మందు వేరు. ఎప్పుడూ ధైర్యంగా ఉండే మనిషి ఒక ప్రమాదం తర్వాత బండి ఎక్కడానికి భయపడుతుంటే, అక్కడ చూడవలసింది ఆ ప్రమాదపు దెబ్బను, దాని తర్వాత వచ్చిన భయాన్ని.

మూడవ మెట్టు: ఎంపిక

బాచ్ తన 38 మందులను ఏడు గుంపులుగా విభజించారు: భయం, సందిగ్ధత, ప్రస్తుతం మీద ఆసక్తి లేకపోవడం, ఒంటరితనం, ఇతరుల ప్రభావానికి తేలికగా లోనుకావడం, నిరాశ, ఇతరుల బాగు గురించి అతిగా పట్టించుకోవడం. ముందు గుంపును, ఆ తర్వాత అందులోని మందును గుర్తించాలి.

భయం గుంపులో ఐదు మందులున్నాయి. ఈ పద్ధతి ఎంత సున్నితమైన తేడాలను పట్టించుకుంటుందో వీటిలోనే బాగా తెలుస్తుంది. కుక్కలంటే, ఇంజెక్షన్ అంటే, వేదిక ఎక్కి మాట్లాడడమంటే, అప్పు తీర్చలేకపోవడమంటే భయం వంటి, పేరు చెప్పగలిగిన భయాలన్నిటికీ మిమ్యులస్. దేనికో తెలియకుండా సాయంత్రమయ్యేసరికి గుండెలో గుబులు పుడితే, ఏదో కీడు జరగబోతోందనిపిస్తే ఆస్పెన్. భయంతో ఒళ్లు గడ్డకట్టి నోట మాట రాని స్థితికి రాక్ రోజ్. నా మీద నాకే అదుపు తప్పి ఏం చేసేస్తానోనన్న భయానికి చెర్రీ ప్లమ్. తన గురించి కాక తన వాళ్ల గురించి ఆందోళన పడేవారికి రెడ్ చెస్ట్‌నట్. డల్లాస్‌లో ఉన్న కొడుకు ఒక్క పూట ఫోన్ చేయకపోతే ఇక్కడ అన్నం సహించని తల్లిది ఈ చివరి రకం. ఆమెకు మిమ్యులస్ ఇవ్వడం ఈ పద్ధతి ప్రకారం పొరపాటే, ఎందుకంటే ఆమె తన గురించి భయపడడం లేదు. చెర్రీ ప్లమ్ వర్ణన మీకు సరిపోయిందనిపిస్తే మాత్రం అక్కడే ఆగి మానసిక వైద్యుడిని కలవండి. పట్టికలో దానికి పేరున్నంత మాత్రాన ఆ స్థితి ఇంట్లో చూసుకోదగినది కాదు. నిరాశ గుంపులోని స్వీట్ చెస్ట్‌నట్, అంటే ఇక భరించలేనన్నంత వేదన, దానికీ ఇదే మాట వర్తిస్తుంది.

అలసటకు మూడు మందుల మధ్య తికమక పడతారు. రాత్రింబవళ్లు చాకిరీ చేసి, రోగికి సేవ చేసి నిజంగానే సత్తువ అయిపోయినవారికి ఆలివ్. పని ముట్టుకోకముందే, సోమవారం ఉదయం లేస్తూనే నీరసం కమ్మి, తీరా పనిలో దిగాక బాగానే చేయగలిగేవారికి హార్న్‌బీమ్. ఒంట్లో ఓపిక లేకపోయినా ఆగడం తప్పనుకుని, ఇంటి భారమంతా మోస్తూ పడిపోయేదాకా నడిచేవారికి ఓక్. తెలుగు ఇళ్లలో ఓక్ మనుషులను మెచ్చుకుంటారే తప్ప ఆపరు. అందుచేత వారికి చుక్కలకన్నా ముందు కావలసింది ఆ భారాన్ని పంచుకునే మరో మనిషి.

తన మీద తనకు నమ్మకం లేకపోవడంలోనూ తేడాలున్నాయి. నావల్ల కాదని ముందే నిర్ణయించుకుని ప్రయత్నించనివారికి లార్చ్. సమర్థులై ఉండి కూడా ఒక్కసారిగా మీద పడిన బాధ్యతలకు బెదిరినవారికి ఎల్మ్. నిర్ణయం తనకు తెలిసినా పదిమందిని అడిగేవారికి సెరాటో, రెండింటి మధ్య ఊగిసలాడుతూ ఎవరినీ అడగనివారికి స్క్లెరాంథస్. తప్పు ఎవరిదైనా తన మీద వేసుకుని కుమిలిపోయేవారికి పైన్. పరీక్ష తప్పిన విద్యార్థి ఒకరు లార్చ్ కావచ్చు, మరొకరు పైన్ కావచ్చు. మళ్లీ రాసినా ఇంతేనని కుంగినవారికి జెన్షియన్, ఆశే వదిలేసినవారికి గోర్స్.

పెళ్లయి కొత్త ఊరికి, కొత్త దేశానికి వెళ్లినవారికి సాధారణంగా వాల్నట్ చెబుతారు. అది మార్పును తట్టుకోవడానికి. ఆ మనిషి మనసంతా పుట్టింటి వాకిట్లోనే, గడిచిన రోజుల్లోనే తిరుగుతుంటే హనీసకిల్. ఎదుట జరుగుతున్నది పట్టకుండా రాబోయేదాన్ని గురించి పగటి కలలు కనేవారికి క్లెమాటిస్. పడుకున్నా ఒకే ఆలోచన గానుగెద్దులా తిరుగుతుంటే వైట్ చెస్ట్‌నట్.

మిగిలినవాటిలో తరచుగా పనికొచ్చేవి ఇవి. కాదనలేక అందరి పనీ నెత్తిన వేసుకునేవారికి సెంటారీ, నవ్వు వెనుక బాధను దాచేవారికి ఆగ్రిమొనీ, తనకే అన్యాయం జరిగిందని లోపల రగిలేవారికి విల్లో, అసూయకూ కక్షకూ హాలీ, ఎదుటివారి నెమ్మదితనాన్ని సహించలేనివారికి ఇంపేషియన్స్, పాత దెబ్బకూ దుఃఖానికీ స్టార్ ఆఫ్ బెత్లెహెమ్, ప్రేమ పేరుతో పిల్లలను పట్టి ఉంచేవారికి చికరీ, తన మాటే నెగ్గాలనేవారికి వైన్.

ఒకసారి ఆరేడు మందులకు మించి కలపకూడదు. మూడు నాలుగుతో సరిపెట్టుకోవడం ఇంకా మంచిది. జాబితా పెరుగుతున్నదంటే ఇవాళ్టి బాధను కాక మొత్తం జీవితాన్ని రాస్తున్నారని అర్థం. ఇతరుల కోసం ఎంచేటప్పుడు వారినే అడగాలి. అత్తగారికి తెలియకుండా కాఫీలో చుక్కలు కలపడం ఏ ఉద్దేశంతో చేసినా తప్పే, అందులో ఆల్కహాల్ ఉందన్న సంగతి ఆ తప్పును మరింత పెద్దది చేస్తుంది.

నాలుగవ మెట్టు: కొనడం

దుకాణంలో రెండు రకాల పొరపాట్లు జరుగుతాయి. మొదటిది, అదే మొక్క పేరుతో ఉన్న హోమియో మందును ఇవ్వడం. క్లెమాటిస్ ఎరెక్టా అనే హోమియో మందు వేరు, బాచ్ క్లెమాటిస్ వేరు. లేబుల్ మీద బాచ్ ఫ్లవర్ అని ఉందో లేదో చూడండి, 30, 200 వంటి పొటెన్సీ అంకెలు, అంటే హోమియో మందును ఎంత పలుచన చేశారో తెలిపే అంకెలు, ఉంటే అది మీరు అడిగినది కాదు. రెండవది, చెస్ట్‌నట్ పేరుతో నాలుగు మందులు ఉండడం: వైట్, రెడ్, స్వీట్, చెస్ట్‌నట్ బడ్. పూర్తి పేరు చెప్పి అడగాలి. తయారీ తేదీ, గడువు తేదీ, ఆల్కహాల్ శాతం ముద్రించని సీసా కొనవద్దు. మొత్తం 38 సీసాల పెట్టె కొనవలసిన అవసరం ఇంట్లో ఎవరికీ ఉండదు. క్యాన్సర్, షుగరు, ఆటిజం నయమవుతాయని చెప్పి అమ్మేవారి దగ్గర ఒక్క సీసా కూడా కొనవద్దు.

ఇంట్లోనే మన పూలతో తయారు చేసుకోవచ్చు కదా అని కొందరు అడుగుతారు. వద్దని గట్టిగా చెబుతాను. గన్నేరు, ఉమ్మెత్త, జిల్లేడు మన పెరళ్లలోనూ రోడ్ల పక్కనా పూసే పూలే, కానీ అవి విషపూరితమైనవి. గన్నేరు నానిన నీరు తాగితే గుండె లయ దెబ్బతిని ప్రాణం పోయే ప్రమాదం ఉంది. మార్కెట్లో దొరికే గులాబీ, చామంతి పూల మీద పురుగుమందు చల్లి ఉంటారు, అవి తాగే నీటిలో వేయడానికి తగినవి కావు.

ఐదవ మెట్టు: కలపడం, వాడడం

వేడి నీటితో కడిగి ఆరబెట్టిన 30 మిల్లీలీటర్ల గాజు డ్రాపర్ సీసా తీసుకోండి. ఎంచుకున్న ప్రతి మందు నుంచి రెండేసి చుక్కలు వేసి, కాచి చల్లార్చిన నీటితో నింపి, మూత బిగించండి. మందుల పేర్లు, కలిపిన తేదీ రాసిన కాగితం సీసాకు అంటించండి. రోజుకు నాలుగు సార్లు, నాలుగేసి చుక్కలు నాలుక మీద వేసుకోవాలి. ఉదయం లేవగానే ఒకసారి, రాత్రి పడుకోబోయే ముందు ఒకసారి తప్పనిసరిగా ఉండాలంటారు. డ్రాపర్ నాలుకకు తగలకూడదు, తగిలితే సీసాలోని నీరు పాడవుతుంది. మన వేసవిలో ఈ మిశ్రమం బయట నిలవదు కాబట్టి ఫ్రిజ్‌లో ఉంచి, రెండు మూడు వారాల్లో వాడేయాలి. వాసన మారినా, మసకబారినా పారబోయండి. నిలవ కోసం చెంచా బ్రాందీ కలపమని పాత సూచనల్లో ఉంటుంది. దానికి బదులు వెజిటబుల్ గ్లిజరిన్ వాడుకోవచ్చు. ఒకటి రెండు రోజుల చికాకుకైతే ఇదంతా అక్కర్లేదు, గ్లాసు నీటిలో రెండు చుక్కలు వేసుకుని రోజంతా గుక్క గుక్కగా తాగితే చాలు.

రెస్క్యూ రెమెడీ అనే మిశ్రమంలో ఐదు మందులుంటాయి: రాక్ రోజ్, ఇంపేషియన్స్, క్లెమాటిస్, స్టార్ ఆఫ్ బెత్లెహెమ్, చెర్రీ ప్లమ్. ఇంటర్వ్యూకో పంటి డాక్టరు దగ్గరకో వెళ్లే ముందు నాలుగు చుక్కలు నీటిలో వేసుకుని తాగుతారు. ఛాతీ నొప్పి, ఊపిరి ఆడకపోవడం, స్పృహ తప్పడం వంటివాటికి దీన్ని వేస్తూ కూర్చోకుండా 108కి ఫోన్ చేయాలి.

స్టాక్ సీసాలో ఉన్నది ఎక్కువగా బ్రాందీయే. మద్యం మాన్పించడానికి ఇచ్చే డైసల్ఫిరామ్ వాడుతున్నవారు, మద్యం మానేసి నిలదొక్కుకుంటున్నవారు, గర్భిణులు, కాలేయ జబ్బు ఉన్నవారు ఆల్కహాల్ లేని గ్లిజరిన్ రకాన్నే తీసుకోవాలి, అదీ వైద్యుడిని అడిగిన తర్వాతే. మత నియమం వల్ల మద్యం ముట్టనివారికి ఈ సంగతి ముందే చెప్పడం మర్యాద. పసిపిల్లలకు ఇవ్వకండి.

ఆరవ మెట్టు: గమనించడం

చుక్కలు వాడినన్నాళ్లూ రోజుకు రెండు వాక్యాలు రాయండి: ఇవాళ ఏ భావం ఎక్కువగా ఉంది, అది ఏ సందర్భంలో వచ్చింది. సున్నా నుంచి పది వరకు ఒక అంకె వేసుకోండి. మూడు వారాల తర్వాత వెనక్కి తిరిగి చదివితే, మామగారు ఇంటికి వచ్చిన రోజుల్లోనే గుబులు పెరుగుతోందనో, నిద్ర చాలని మర్నాడే కోపం వస్తోందనో కనబడుతుంది. అలా కనబడిన దాని మీద చేయగలిగిన పని చేయాలి. నిద్ర వేళ సరిదిద్దుకోవడం, ఒక పనికి కాదని చెప్పడం, పొద్దున నడవడం, దాచిన మాటను నమ్మకమైన స్నేహితురాలితో చెప్పుకోవడం వంటివి. సెంటారీ వేసుకుంటూ అడిగిన ప్రతివారికీ సరేనంటూ ఉంటే ఆ సీసా వల్ల ఒరిగేదేమీ లేదు.

మూడు వారాలకు అంకె తగ్గితే మిశ్రమాన్ని ఆపేయవచ్చు. దీన్ని నెమ్మదిగా తగ్గించవలసిన అవసరం లేదు. తగ్గకపోతే కొత్త మిశ్రమం కలపకుండా వైద్యుడిని గానీ సైకాలజిస్టును గానీ కలవండి. డిప్రెషన్‌కో ఆందోళనకో వైద్యుడు రాసిన మాత్రలు వాడుతున్నవారు, చుక్కలు మొదలుపెట్టామని ఆ మాత్రలను ఒక్క పూట కూడా మానకూడదు. అలా హఠాత్తుగా మానితే తల తిరగడం, నిద్ర పట్టకపోవడం, జబ్బు తిరగబెట్టడం వంటివి జరుగుతాయి. వైద్యుడి దగ్గరకు వెళ్లేటప్పుడు సీసాను, రాసుకున్న పుస్తకాన్ని వెంట తీసుకువెళ్లండి. ఏ చుక్కలు ఎన్నాళ్లు వాడారో దాచకుండా చెప్పండి. ఎప్పటి నుంచి, ఏ వేళ, ఏ సందర్భంలో అని వైద్యుడు మొదట అడిగే ప్రశ్నలకు జవాబులు ఆ పేజీల్లోనే ఉంటాయి.